ద్రాక్షల కులగోత్రములు

తెలుగు కవిత్వమును చదువుకొన్నవారికి ద్రాక్షాపాకమను మాట క్రొత్తది కాదు. నోట వేసికొన్నంతనే రసమంతయు బయటపడు పండువంటి కవిత్వమునకు లాక్షణికులు పెట్టిన పేరది. అరటిపండునకు తొక్క తీయవలెను. కొబ్బరికాయకు పీచు ఒలిచి, పెంకు పగులగొట్టవలెను. ద్రాక్షకు ఆ శ్రమ ఏదియు లేదు. పోలిక ముచ్చటైనదే. కాని ద్రాక్షను పండించి, పిండి, పులియబెట్టి, ఆ రసమును ఏండ్ల తరబడి నేలమాళిగలలో దాచుకొను దేశములవారు ఈ పోలికను వినినచో నవ్వుకొందురు. వారి అనుభవములో ద్రాక్షకంటె కఠినమైన పాఠ్యగ్రంథము లేదు. దానికి వ్యాఖ్యానములున్నవి, వాదములున్నవి, తప్పుడు ప్రతులున్నవి, శతాబ్దములపాటు సాగిన అపోహలున్నవి.

తెలుగుదేశపు అంగడిలో ద్రాక్ష రెండు విధములు: నల్లనిది, పచ్చనిది. కొంచెము జాగ్రత్తగల గృహిణి గింజ ఉన్నదా, లేదా యని మూడవ ప్రశ్న వేయును. అంతటితో శాస్త్రము ముగియును. 2012లో జాన్సిస్ రాబిన్సన్, జూలియా హార్డింగ్, జోసె వుయామోజ్ అను మువ్వురు కలిసి ప్రచురించిన బృహద్గ్రంథమున, కేవలము ఆసవమునకై పండించు ద్రాక్షరకములే 1,368 వర్ణింపబడినవి. తినుటకును, ఎండబెట్టుటకును పనికివచ్చు వానిని కూడ కలుపుకొన్నచో, లోకమున తెలిసిన రకములు సుమారు 10,000 అని అంతర్జాతీయ ద్రాక్ష, ద్రాక్షాసవ సంస్థ 2017లో అంచనా కట్టెను. వీనిలో అత్యధిక భాగము వైటిస్ వినిఫెరా అను ఒకే వృక్షజాతికి చెందినవి. (ద్రాక్షారామమున పూర్వము ద్రాక్షతోటలుండెడివా యని అడుగు బాలురు తరగతికొక్కడైన ఉందురు. అది దక్షుని ఆరామము. ద్రాక్షతో దానికి చుట్టరికము లేదు.)

ఆసవమను మాటయు తెలుగువారికి వైద్యుని ద్వారా తెలిసినదే. ద్రాక్షాసవము, ద్రాక్షారిష్టము ఆయుర్వేద ఔషధశాలలలో నేటికిని దొరకును. కషాయము కాచి పులియబెట్టినది అరిష్టము, కాచకయే పులియబెట్టినది ఆసవము. ఆ పులియుటలో కొంత మద్యము దానంతటదియే పుట్టును. ఐనను వైను అనగానే తెలుగు ఇండ్లలో పెద్దలు ముఖము చిట్లింతురు. దానికి తగిన కారణమున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినది రుచుల వివేచనకై కాదు. కూలి డబ్బు ఇంటికి చేరకపోవుటవలన. 1995లో మద్యనిషేధము వచ్చినది, 1997లో అది సడలినది. ఆ కథ ఇంకను ముగియలేదు. ఆరోగ్యమునకు హానిలేనిదని చెప్పదగిన మద్యపరిమాణము ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2023లో స్పష్టముగా ప్రకటించిరి. ఎఱ్ఱ ద్రాక్షాసవము గుండెకు మంచిదను వాదమునకు నేడు పూర్వపు బలము లేదు. కనుక ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ఈ రసమును చవిచూడవలసిన అవసరమేమియు లేదు. కాని చవిచూడనక్కరలేని వస్తువును గూర్చి తెలిసికొననే అక్కరలేదనుట విద్య కాదు. ద్రాక్షాసవమును నిజముగా ఇష్టపడువాడు మత్తుకొరకు దానిని ఇష్టపడడు. మత్తుకు అంతకంటె చవుకైన మార్గములు అనేకము కలవు. అతడు ఇష్టపడునది భేదమును. ఒక పండునకును మరియొక పండునకును, ఒక కొండవాలునకును దాని ప్రక్క వాలునకును గల భేదమును. ఆ భేదమును గుర్తించుటకు అతడు పడు శ్రమలో చదువుకొను పిల్లలకు పనికివచ్చు విషయము చాల ఉన్నది.

మొదట పండును చూడవలెను. పళ్లెములో పెట్టుకొని తిను ద్రాక్షకును, ఆసవపు ద్రాక్షకును పోలిక తక్కువ. తిను పండు పెద్దది, కండ గలది, పలుచని తోలు గలది. ఆసవపు పండు చిన్నది. తోలు మందము, గింజలు మెండు, తీపి అధికము. నోట వేసికొన్న పిల్లవాడు ఉమ్మివేయును. కాని ఆ తోలులోను, ఆ గింజలోను దాని ఐశ్వర్యమంతయు ఉన్నది. నల్లద్రాక్షలలో చాలవాటికి లోపలి రసము రంగులేనిదే. ఎఱ్ఱదనము తోలునుండి దిగును. అందుచేతనే నల్లని పండునుండి తోలును వెంటనే వేరుచేసినచో తెల్లని ఆసవమును తీయవచ్చును. ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతమువారు చేయు పని అదియే. తోలును, గింజలను రసములో నాననిచ్చినచో రంగుతో పాటు వగరు కూడ దిగును.

ఈ వగరు అను మాటయొద్ద కొంచెము ఆగవలెను. పాశ్చాత్యులు ఆసవపు రుచులను వర్ణింప వలసివచ్చినప్పుడు ఈ గుణమునకు మాట వెదకుకొని, ఒకరు గరుకనియు, ఒకరు ఎండిపోయినదనియు, ఒకరు పట్టుబట్టవలె నున్నదనియు, మరియొకరు తోలువలె నున్నదనియు చెప్పుదురు. తెలుగు పిల్లవానికి ఐదవ ఏటనే ఆ మాట వచ్చును. పచ్చి అరటికాయ, కరక్కాయ, పోకచెక్క, లేత జామపిందె, ఉగాది పచ్చడిలోని మామిడిపిందె అతనికి దానిని నేర్పును. షడ్రుచులలో కషాయమును చేర్చి లెక్కించిన దేశమున పుట్టినవానికి ఆ విషయమున ఒక మెట్టు పైనుండియే ప్రారంభించు అదృష్టమున్నది. వగరు నిజమునకు నాలుకపై పుట్టు రుచి కాదు, స్పర్శ. టానిన్లను పదార్థములు లాలాజలములోని మాంసకృత్తులను పట్టుకొని, నోటి జారుడుతనమును తీసివేయుటవలన కలుగు అనుభవమని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఏండ్లు గడచుకొలది ఆసవములో ఈ వగరు మెత్తబడును. కొన్ని రకములను దాచుటకు, కొన్నింటిని వెంటనే త్రాగివేయుటకు గల ముఖ్యకారణములలో ఇది యొకటి.

వాసనల విషయమున రసికులు చేయు వర్ణనలను విని చాలమంది పరిహసింతురు. ఒక గిన్నెలో మిరియములున్నవనియు, గులాబులున్నవనియు, కోసిన పచ్చిమిరపకాయ ఉన్నదనియు చెప్పువారిని చూచిన నవ్వురాక తప్పదు. వారి మాటలలో డాంబికము లేకపోలేదు. ఒక్క గ్రుక్కకు పండ్రెండు పూలపేర్లు, ఏడు కలపపేర్లు చెప్పు వ్రాతలను చదివినప్పుడు అష్టాదశవర్ణనలను మ్రొక్కుబడికి పూర్తిచేయు ప్రబంధకవి గుర్తువచ్చును. కాని మూలములో సత్యమున్నది. షిరాజ్ అను నల్లద్రాక్షయందలి మిరియపు వాసనకు కారణము రొటుండోన్ అను పదార్థమని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వంటింటి మిరియములకు ఆ ఘాటు వాసన నిచ్చునది కూడ అదియే. సావిన్యోన్ బ్లాన్ అను తెల్లద్రాక్షయందును, బెంగుళూరు మిరపకాయయందును ఒకే పచ్చివాసన పదార్థము కలదు. మస్కట్ ద్రాక్షకు పరిమళమిచ్చు లినలూల్ అనునది ధనియాలలో పుష్కలముగా నున్నది. జర్మనులకు, అల్సాసువారికి ప్రియమైన గెవుర్ట్స్‌ట్రామినర్ ద్రాక్షయందలి గులాబి వాసన గులాబిలోని పదార్థమువలననే కలుగును. అనగా ఆ రసికుడు కల్పించి చెప్పుట లేదు. పండును చదివి చెప్పుచున్నాడు. మరియొక విచిత్రము: రొటుండోన్ వాసన నూటికి సుమారు 20 మందికి ఏమాత్రమును తెలియదు. మిరియము వాసన కలదన్నవాడును, లేదన్నవాడును ఒకే బల్లయొద్ద కూర్చుండి ఇద్దరును సత్యమే పలుకవచ్చును. న్యాయశాస్త్రమును బోధించువారు ఈ ఉదాహరణమును తప్పక వాడుకొనవలెను.

నాలుక సత్యము చెప్పునా యనుట వేరు ప్రశ్న. 2001లో బోర్డో విశ్వవిద్యాలయమున ఫ్రెడెరిక్ బ్రోషే, ఆయన సహచరులు 54 మంది ఆసవశాస్త్ర విద్యార్థులపై జరిపిన పరీక్ష ప్రకటింపబడినది. తెల్లని ఆసవములో వాసనలేని ఎఱ్ఱరంగు కలిపి ఇచ్చిరి. ఆ విద్యార్థులు అంతకుముందు అదే తెల్లని ఆసవమునకు తేనె, నిమ్మ మొదలగు పోలికలు చెప్పినవారే. రంగు మారగానే నల్లని పండ్ల పోలికలు చెప్పిరి. ముక్కుకంటె కన్ను ముందుగా తీర్పు చెప్పినది. దానికి పాతికేండ్లు ముందు, 1976 మే 24న, పారిసులో స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయ వర్తకుడు ఒక పోటీ జరిపెను. న్యాయనిర్ణేతలు తొమ్మండుగురు ఫ్రెంచివారు. సీసాల పేర్లు కప్పివేసి, ఫ్రాన్సు ఆసవములను కాలిఫోర్నియా ఆసవములతో కలిపి ముందుంచిరి. తెలుపులో ప్రథమస్థానము షాతో మోంతెలీనా వారి 1973 షార్డొనేకు, ఎఱుపులో స్టాగ్స్ లీప్ వారి 1973 కాబర్నేకు వచ్చెను. రెండును కాలిఫోర్నియావే. ఫ్రెంచి ప్రజ్ఞ ఆనాడు ఓడినదని పత్రికలు వ్రాసినవి. ఓడినది ప్రజ్ఞ కాదు. ఊరిపేరు చూచి మార్కులు వేయు అలవాటు ఓడినది. పేర్లు కప్పగానే ఆ నాలుకలు నిజాయితీగా పనిచేసినవి. జవాబుపత్రముపై విద్యార్థి పేరునకు బదులు సంఖ్య వేయించు పరీక్షాధికారులకు ఈ సూత్రము ఏనాడో తెలియును.

పేరునకు, ఊరికి ఇంత బలమున్నచోట వంశమునకు లేకుండునా? ఇచటనే ద్రాక్షకథ మనుష్యకథను మించి రక్తి కట్టును.

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతమునకు ప్రభువైన ఫిలిప్ ది బోల్డ్ 1395లో ఒక శాసనము వేసెను. తన దేశపు కీర్తి పినో అను నల్లద్రాక్షపై ఆధారపడియున్నదనియు, రైతులు గామే అను మరియొక రకమును విస్తారముగా నాటి ఆ కీర్తికి భంగము తెచ్చుచున్నారనియు, గామే తీగలన్నింటిని పెరికివేయవలెననియు దాని సారాంశము. గామే సేద్యమునకు సులభము, దిగుబడి ఎక్కువ. రైతునకు నచ్చుటలో ఆశ్చర్యము లేదు. ప్రభువునకు అది నీచకులపు తీగ. నాటినుండి ఆరువందల ఏండ్లు పినో రాజద్రాక్షగాను, గామే పామర ద్రాక్షగాను పేరుపడినవి. గామే దక్షిణమునకు పోయి, బోజొలే కొండలలో నిలదొక్కుకొనెను. నేటికిని అచట దానిదే రాజ్యము.

అంతకంటె అధమస్థితిలో నున్నది గ్వే అను తెల్లద్రాక్ష. పులుపు ఎక్కువ, రుచి తక్కువ, కాపు విస్తారము. మంచినేలలను పినోకు విడిచి, పల్లపు నేలలలో, ఎవరికిని అక్కరలేని అంచులలో కూలిరైతులు దీనిని నాటుకొనెడివారు. దాని పేరే యొక పాత తిట్టునుండి వచ్చినదని చెప్పుదురు. అనేక ప్రాంతములలో దానిని నిషేధించిరి. ఫ్రాన్సు తోటలనుండి అది దాదాపు మాయమైనది.

1999లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ కేంద్రమునకు చెందిన జాన్ బవర్స్, కరోల్ మెరెడిత్, ఫ్రెంచి సహచరులతో కలిసి ఈ ద్రాక్షల వంశవృక్షమును డి.ఎన్.ఏ. ఆధారమున పరిశోధించి ప్రకటించిరి. లోకమంతట ధనికుల విందులలో వెలుగు షార్డొనే పినోకును, గ్వేకును పుట్టినది! అదియొక్కటే కాదు, ఈశాన్య ఫ్రాన్సునకు చెందిన 16 రకములు ఆ జంటకే పుట్టినవి. అందు అలిగొటే ఉన్నది. అందు గామే కూడ ఉన్నది. అనగా ప్రభువుగారు ఏ తండ్రి గౌరవమును కాపాడుటకై గామేను వెడలగొట్టెనో, ఆ తండ్రికి గామే స్వయముగా సంతానమే. నీచమనిన గ్వే తీగ లేకున్న షార్డొనే లేదు. రాజుగారి తోటయు, కూలివాని తోటయు ప్రక్కప్రక్కన నుండుటచేతను, గాలికి పుప్పొడి కంచెలను లెక్కచేయకపోవుటచేతను ఈ సంబంధములు కుదిరినవి.

దీనికి రెండేండ్లు ముందుగా, 1997లో, ఆ ఇద్దరు పరిశోధకులే కాబర్నే సావిన్యోన్ పుట్టుకను తేల్చిరి. బోర్డోకు కిరీటమువంటి ఆ నల్లద్రాక్ష అతిప్రాచీనమనియు, రోమనుల కాలమునాటిదనియు అభిమానులు చెప్పుకొనెడివారు. తీరా చూడగా అది కాబర్నే ఫ్రాంక్ అను నల్లద్రాక్షకును, సావిన్యోన్ బ్లాన్ అను తెల్లద్రాక్షకును పుట్టిన బిడ్డ. పేరులోనే ఇరువురి పేర్లును కలిసియున్నవి. అయినను ఎవరును నమ్మలేదు. ఇక మెర్లో కథ మరింత రుచికరము. దానికి తండ్రి కాబర్నే ఫ్రాంకని తెలిసినను తల్లి చాలకాలము దొరకలేదు. బ్రిటనీలో ద్రాక్షసేద్యము ఏనాడో మానివేసిన ఒక కొండవాలున నొక అనామకపు తీగ కనబడెను. తరువాత షరాంత్ ప్రాంతపు పల్లెలలో ఇండ్లముంగిట అట్టివే మరికొన్ని కనబడినవి. జూలైలో వచ్చు మాగ్డలీన్ పండుగనాటికి పండునని పల్లెవారు దానిని మాగ్డలీన్ ద్రాక్ష యని పిలుచుకొనుచుండిరి. పుస్తకములలో దానికి పేరు లేదు. మెర్లోకును, మాల్బెక్కునకును తల్లి అదియేయని 2009లో ప్రకటించిరి.

నదీమూలము, ఋషిమూలము అడుగరాదని పెద్దలమాట. ద్రాక్షమూలమును గూడ ఆ జాబితాలో చేర్చవలసినదే యని కొందరనవచ్చును. అది పొరపాటు. మూలమును అడుగుటవలననే గ్వేకు న్యాయము జరిగినది. అడుగనంతకాలము పినో గొప్పతనమునకు పినోయే కారణమను భ్రమ నిలిచియుండెను. కులీనతను గూర్చిన గర్వమునకు చరిత్రకంటె శత్రువు లేదు; చరిత్ర తెలియనివారే వంశములను గూర్చి బిగ్గరగా మాటలాడుదురు.

ఈ సంకరములు ఎప్పుడో ఒకసారి జరిగినవి. తరువాత మనుష్యుడు వానిని కదలనీయలేదు. ద్రాక్షగింజను నాటిన తల్లివంటి తీగ రాదు, మామిడిటెంక నాటిన బంగినపల్లి రానట్లు. అందుచేత కొమ్మను తెచ్చి పాతుట, అంటు కట్టుట తప్ప వేరు దారి లేదు. ఫ్రాన్సులోని ఓర్లియాన్ నగరపు త్రవ్వకములలో దొరికిన, సుమారు 900 ఏండ్లనాటి గింజ యొకటి, నేడు జ్యూరా కొండలలో పండించు సవన్యాన్ ద్రాక్షతో జన్యురీత్యా అభిన్నమని 2019లో తేలెను. తొమ్మిది శతాబ్దముల పాటు ఎవరో యొకరు ప్రతి తరమునను కొమ్మ కోసి నాటుచునే యుండిరన్నమాట. రాజ్యములు పోయినవి, యుద్ధములు జరిగినవి, ఆ తీగ మారలేదు. ఇట్టి నిష్ఠను మెచ్చుకొనవలసినదే. కాని మారని తీగ మారని తెగుళ్లను ఎదుర్కొనదు, తెగుళ్లు మారును.

పంతొమ్మిదవ శతాబ్దమున అదియే జరిగెను. అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా అను సూక్ష్మకీటకము వేళ్లను తినివేయుచు ఫ్రాన్సు తోటలను ఎండగొట్టెను. 1868లో ప్లాంషాన్ మొదలగువారు దానిని గుర్తించునాటికే చాల నష్టము జరిగినది. మందులు వేసిరి, తోటలను నీట ముంచిరి, అవి అన్నిచోట్లకు సాధ్యమగు ఉపాయములు కాకపోయెను. తుదకు అమెరికా తీగలవేళ్లకు ఆ పురుగును ఓర్చుకొను శక్తి ఉన్నదని తెలిసి, అమెరికా వేరుపై ఐరోపా కొమ్మను అంటుకట్టిరి. నేడు పారిసులో గర్వముగా పోయు ఫ్రెంచి ఆసవములో చాలభాగము అమెరికా వేళ్లపై నిలిచిన తీగలదే. తెగులు తెచ్చినవానియింటినుండియే మందు కూడ వచ్చెను.

ఆ గందరగోళములో చాల రకములు మరల నాటబడలేదు. కార్మెనేర్ అను నల్లద్రాక్ష బోర్డోలో ఆ విధముగా మరుగుపడినది. కాని తెగులునకు పూర్వమే కొందరు బోర్డో కొమ్మలను చిలీదేశమునకు కొనిపోయియుండిరి. ఆ పురుగు చిలీకి చేరలేదు. అచటి రైతులు నూరేండ్లకు పైగా దానిని మెర్లోయనుకొని పెంచిరి, మెర్లోయని అమ్మిరి. ఇది మెర్లోకంటె ఆలస్యముగా పండుచున్నదేమని ఆశ్చర్యపడిరి గాని, పేరును శంకింపలేదు. 1994లో మోంపెలియేనుండి వచ్చిన జాన్-మిషెల్ బూర్సికో ఒక తోటలో నిలబడి ఆకును, పూవును పరిశీలించి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని చెప్పెను. ఏ యంత్రమును అక్కరలేకపోయెను. చూచుట వచ్చిన కన్ను చాలినది. వృక్షశాస్త్రమును బొమ్మల పుస్తకముతో ముగించు పాఠశాలలకు ఈ సంఘటన చెప్పదగినది.

ఇంతటి వైవిధ్యమును లోకము ఏమిచేయుచున్నది? 2017నాటి లెక్కలలో, 10,000 రకములలో 13 రకములే భూమిపైనున్న ద్రాక్షతోటల విస్తీర్ణమున మూడవవంతును మించి ఆక్రమించినవి. 33 రకములు సగమును ఆక్రమించినవి. ఆసవపు ద్రాక్షలలో అగ్రస్థానము కాబర్నే సావిన్యోన్‌దే. కాలిఫోర్నియాలో అదియే, చిలీలో అదియే, చైనాలో అదియే. ప్రయాణికుడు ఏ ఊరికి పోయినను ఒకే భోజనము పెట్టు పూటకూళ్లయిల్లువలె లోకము తయారగుచున్నది. దీనిని అభివృద్ధి యనువారున్నారు. రైతు పక్షమున వారికొక బలమైన వాదమున్నది, దానిని త్రోసివేయరాదు: కొనువాడు లేని పండును పెంచుమని రైతుతో చెప్పుటకు ఎవరికి హక్కున్నది? గామేను పెరికించిన ప్రభువు చేసిన బలాత్కారము వంటిదే, అమ్ముడుపోని తీగను ఉంచుకొమ్మని ఒత్తిడిచేయుట కూడ. నిజమే. కాని కొనువాడు ఎందుకు లేడు? పది పేర్లు తప్ప పదునొకండవది అతనికి ఎవరును నేర్పలేదు గనుక. దోషము తోటలో లేదు, నాలుకకు చదువు చెప్పకపోవుటలో నున్నది. తనకు తెలిసిన పేరునే మరల మరల అడుగుచు, అదే అభిరుచియనుకొను రసికుడు చేయు నష్టము ఫిలాక్సెరా చేసిన నష్టముకంటె మెల్లనిదే గాని తక్కువది కాదు.

మోంపెలియే వ్యవసాయ విద్యాలయమువారు, తెగులు విజృంభించియున్న దినములలో, 1876లో ద్రాక్షరకములను సేకరింప మొదలిడిరి. ఆ సేకరణము 1949లో మధ్యధరా సముద్రపుటొడ్డున వాసల్ అనుచోటికి మారెను. అచట నేల ఇసుక. ఇసుకలో ఆ పురుగు బ్రతుకజాలదు. అందుచే తీగలు సొంతవేళ్లపైననే నిలువగలవు. వేలకొలది రకములు వరుసలుగా నాటబడి, వరుసకొక పేరుతో పెరిగినవి. లాభము లేదు, అమ్మకము లేదు. ఇంత నేలను వ్యర్థముగా వాడుకొనుట ఏలయని అడుగువానికి చూపుటకు వెంటనే ఏమియు లేదు. అయినను 2021లో బోర్డోవారు, ఎండలు ముదిరి కోతలు ముందుకు జరుగుచుండుటను చూచి భయపడి, ఆరు క్రొత్త రకములకు తమ ప్రాంతమున అనుమతి నిచ్చిరి. అందు పోర్చుగల్ దేశపు తూరిగా నాసియొనాల్ ఉన్నది. అందు కాస్తె అనునది బోర్డోవారు తామే మరచిపోయిన పాత ద్రాక్ష. పెద్దలు వదలివేసినదానిని మనుమలు అనుమతిపత్రము వ్రాసి మరల పిలిచిరి. ఎచటనో యొకచోట దాని కొమ్మ బ్రతికి యుండకున్న పిలుచుటకు ఏమియుండెడిది?

ఇక తెలుగువారి ద్రాక్ష. హైదరాబాదునకు ఒకనాడు అనాబ్-ఎ-షాహీ వలన పేరు. పెద్దపండు, లేతపసుపు, లోపల గింజలు. రాజద్రాక్ష యని పేరునకు అర్థము. పంతొమ్మిదవ శతాబ్దపు చివర పశ్చిమాసియానుండి ఆ నగరపు తోటలోనికి వచ్చినదని చెప్పుదురు. గత శతాబ్దపు ఉత్తరార్ధమున నగరము చుట్టును పందిళ్లపై అది విరివిగా కాచినది. తరువాత గింజలేని థాంప్సన్ వచ్చెను. కొనువారు గింజను ఉమ్ముటకు బద్ధకించిరి. తోటలున్న చోట్ల ఇండ్లు లేచినవి. నాసిక్ ప్రాంతమువారు 1990ల చివరనుండి ఆసవమునకై షెనిన్ బ్లాన్, సావిన్యోన్ బ్లాన్, షిరాజ్ మొదలగు ఫ్రెంచి ద్రాక్షలను నాటుకొనిరి. తెలుగునాట అట్టిది చెప్పుకొనదగినంత జరుగలేదు, జరుగనక్కరలేదు కూడ. తెలుగువారి పాండిత్యము మరియొక పండులో నున్నది.

కృష్ణా, గోదావరి ప్రాంతములలోని ముసలిరైతు మామిడిపండును కన్నులు మూసికొని వాసనచూచి పేరు చెప్పగలడు. చిన్నరసము, పెదరసము, చెరకురసము, కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశ, సువర్ణరేఖ — వీనిలో ఒక్కొక్కదానికి తోలు వేరు, పీచు వేరు, టెంకవద్ద పులుపు వేరు, పండు వచ్చు వారము వేరు. అది బూర్సికో చిలీలో చేసిన పనికి ఏమాత్రము తీసిపోని విద్య. దానిపై వ్యాఖ్యానము లేదు, పట్టిక లేదు. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చినది, మంచిదే. అంగడిలో దాని ప్రక్కన తోతాపురి, దాని ప్రక్కన మరల బంగినపల్లి. ఊరిచెరువు గట్టున ఒంటిగా నిలిచిన పేరులేని నాటుమామిడి ఏ షార్డొనేకు గ్వేయో ఎవరును చూడలేదు. ఆ చెట్టు వంటచెరకునకు పోవుటకు ఒక్క పూట చాలును.

ఉన్నత పాఠశాలలలో వృక్షశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు ఈ పని చేయింపవచ్చును. వేసవి సెలవులకు ముందు ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క వీధి అప్పగించి, ఆ వీధిలోని మామిడిచెట్లను, ఇంటివారు వానికి పెట్టుకొన్న పేర్లను, కాపు వచ్చు నెలను, ఆకు కొలతను, పండు రుచిని వ్రాసికొని రమ్మనవలెను. ఖర్చు ఒక నోటుపుస్తకము. రుచియను గడిలో "బాగున్నది" అని వ్రాసినవానికి మార్కులు వేయరాదు.